సగం యాంటెన్నా కారే

27 మెగాహెర్ట్జ్ సీబీ రేడియోకి పావు తరంగం కడ్డీ అంటే దాదాపు 2.7 మీటర్లు. అంత పొడుగుది కారు మీద పెట్టుకుని మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతే, రోడ్డు పక్క మర్రికొమ్మలు ఊరుకుంటాయా? మా సీనియర్ అన్నకి హామ్ లైసెన్సుంది. 145 మెగాహెర్ట్జ్‌కి అర మీటరు కడ్డీ చాలు.

"కనిపించేది సగమేరా, మిగతా సగం ఈ టాపే" అంటూ కడ్డీని రేకు నడిమధ్యన పెట్టించాడు. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, దాని పక్కనే ఫ్యూజు. వైరు ఎక్కడన్నా ఒరుసుకుని షార్టయితే కాలాల్సింది ఫ్యూజే, కారు కాదు.

"ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకన్నా?" అని అడిగా. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చి అండమాన్‌లో ఫోన్లు మూగబోతే, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ గారు హామ్ రేడియోతోనే జనాల క్షేమ సమాచారం చేరవేశారని చెప్పాడు. ఇంకేం అడగలేదు. లైసెన్స్ పరీక్షకి నేనూ చదువుతున్నా.