అబ్బా రాసిన పాంచ్ హజార్

మా చిన్నోడికి గిటార్ షౌఖ్ పట్టుకుంది. ఇప్పుడు దానికి వాల్వు యాంప్లిఫైయర్ కావాలంట. "అబ్బూ, ఫెండర్ చాంప్ లాంటిది మనమే కడదాం" అన్నాడు. ఒకే ఒక్క 6వి6 వాల్వు, ఐదు వాట్ల లోపు ఆవాజ్. రేడియో మెకానిక్ కొడుకునై ఉండి కాదంటే నా ఇజ్జత్ ఏం కావాలి?

చిక్కంతా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే వచ్చింది. 250 ఓల్టుల మీద నడిచే 6వి6కి 5000 ఓంల లోడు కావాలి. స్పీకరేమో 4 ఓంలో, 8 ఓంలో. ఇద్దరి మధ్యా రాయబారం నడిపేది ఈ ఇనప ముద్దే. పైగా ఇది సింగిల్ ఎండెడ్. వాల్వు తాగే 45 మిల్లీయాంపుల డీసీ అంతా ఒకే దిక్కున పోతుంది. పుష్‌పుల్‌లో అయితే రెండు వాల్వుల డీసీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, ఇక్కడ ఆ సుఖం లేదు. అందుకే ఇంగ్లీషు 'ఈ' ఆకారం రేకులన్నీ ఒక పక్క, 'ఐ' రేకులన్నీ ఇంకో పక్క పేర్చి, మధ్యలో కాగితం మందాన సందు వదులుతారు. ఆ సందు లేకపోతే డీసీకే ఇనుము కడుపు నిండిపోతుంది, పాటకు చోటుండదు.

అబ్బాజాన్ ఇంతెఖాల్ అయ్యాక దుకాన్ సామాను ఒక సందూఖ్‌లో పెట్టేశాం. వెతికితే మైనం కాగితంలో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది. రేకుల మధ్య సందు కూడా ఉంది. కాగితం మీద పెన్సిల్‌తో ఉర్దూలో ఒక లైను. నాకు ఉర్దూ మాట్లాడ్డమే వచ్చు. అరబీ అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ, అబ్బా గొలుసురాత నా వల్ల కాలేదు.

సరే, కొలుద్దామనుకున్నా. ప్రైమరీకి 6 ఓల్టుల ఏసీ ఇస్తే సెకండరీలో 0.17 చూపించింది. అంటే అక్కడ 35 చుట్లుంటే ఇక్కడ ఒకటి. 35ని 35తో, దాన్ని మళ్లీ 4తో గుణిస్తే 4900. 8 ఓంల స్పీకర్ తగిలిస్తే ఇదే రెట్టింపై కూర్చుంటుంది, కాబట్టి 4 ఓంలదే కొనాలి.

అమ్మీ ఐనక్ పెట్టుకుని ఆ కాగితం చదివింది. "6వి6, పాంచ్ హజార్, చార్ ఓమ్... అని రాశారు మీ అబ్బా."

కాసేపు ఏం మాట్లాడలేకపోయా.

ఐబు లేకపోలేదు. అది రేడియో కోసం చుట్టింది, కోర్ చిన్నది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ పలుకుతుంది, దానికి ప్రైమరీలో ఓ పది హెన్రీలైనా ఉంటే మేలు. కొత్తది చుట్టించి, దీన్ని యాద్‌గార్‌గా దాచేద్దామన్నాను.

"సందూఖ్‌లో పెట్టుకోడానికి చుట్టారేంట్రా ఆయన?" అంది అమ్మీ.

మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూసి బిగించేశాను. స్పీకర్ లేకుండా ఆన్ చేయనని చిన్నోడితో ఖసమ్ వేయించుకున్నా. లోడు లేకపోతే ప్రైమరీలో ఓల్టేజి ఎగిసి తీగ మీది పూత చిట్లిపోతుంది. అబ్బా చేత్తో చుట్టిన తీగ మళ్లీ దొరకదు.

లావు తీగ గట్టిగా మీటితే గరగరలాడింది. "కొత్తది చుట్టిద్దామా బేటా?" అన్నా.

"వద్దు అబ్బూ, ఈ గరగరే కావాలి."

లోపల్నుంచి అమ్మీ, "అసర్ అజాన్ అవుతోంది, ఆపండ్రా కాసేపు."