అమ్మ నడక, పిన్ని నడక

జనగామలో అమ్మకు, మహబూబాబాద్‌లో పిన్నికి ఒకే ఏడాది మోకాలి కీలు మార్చారు. అమ్మది వెనక లిగమెంటును అలాగే ఉంచేసే డిజైను. పిన్నిది దాన్ని తీసేసి, ఆ పనిని చిన్న ప్లాస్టిక్ బొడిపెకు అప్పగించేది.

ఏది మేలని ఇంట్లో ఒకటే వాదన! పరిశోధనల్లో మాత్రం నడకలో పెద్ద తేడా తేలలేదు. ఎక్కువ వంగుతుందనే హైఫ్లెక్స్‌దీ అదే కథ. 2017లో కేంద్రం మామూలు రకానికి 54,720, హైఫ్లెక్స్‌కు 56,490 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది.

తేడా వచ్చింది తొడ కండరాల దగ్గర. నొప్పి అంటూ అమ్మ వ్యాయామాలు ఎగ్గొట్టింది. ఇప్పటికీ మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే. పిన్ని ఒక్కతే బస్సెక్కి వచ్చేస్తుంది.

మొన్న భూపాలపల్లి నుంచి సింగరేణిలో రిటైరైన మామయ్య ఫోన్. "ఏ డిజైనైతే మంచిగుంటది చెల్లె?"

"డాక్టరు చెప్పిందే ఏయించుకో అన్నా. ముందైతే కాలు చాపి లేపుడు మొదలుపెట్టు."