ఎక్కడ వదిలేసినా ఊడిపోని కుట్టు

చీర ఫాల్ అంటే 2.5 మీటర్ల పొడవు, దాదాపు 5 అంగుళాల వెడల్పు ఉండే నూలు పట్టీ. వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్టుకి వెళ్లి, రంగులు ఏరుకుని, డజన్ల లెక్కన తెచ్చుకుంటాను. తెచ్చినవి తెచ్చినట్టు కుట్టేయకూడదు. రాత్రి ఉప్పునీళ్లలో నానేసి, పొద్దున పిండి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి పెట్టుకోవాలి. నానబెట్టని ఫాల్ మొదటి ఉతుకుకే పొట్టిదైపోయి చీర అంచుని తనతోపాటు లాగేస్తుంది. కుచ్చిళ్లు నేలకి ఆనకుండా ముడుచుకుపోతాయి. ముదురు రంగులు దేనికది వేరే గిన్నెలో నానాలి. ఎరుపు మరీను. కార్తీకంలో భవానీ మాలలు వేసుకునే రోజులొస్తే మా బెజవాడలో ఎర్రచీరలు కుప్పలుగా వస్తాయి. ఆ నెల మా బాత్‌రూము గచ్చు మీది ఎరుపు కడిగినా వదలదు.

సత్యనారాయణపురంలో మా ఇంటి ముందుగదే నా దుకాణం. బోర్డు లేదు. ఫాల్స్, పికో, లైనింగు జాకెట్లు, పట్టుచీరల కొంగులకి కుచ్చులు, జూన్‌లో స్కూలు పిల్లల యూనిఫారాలకి పొట్టీ పొడుగూ సరిచేయడం. మావారికి ప్రైవేటు ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో వేణ్నీళ్లకి చన్నీళ్లని మొదలుపెట్టిన పని. ఇప్పుడు ఇంటద్దె, పిల్లాడి ట్యూషన్ ఫీజు ఇందులోంచే వెళ్తున్నాయి. అయినా మా చుట్టాలు దీన్ని ‘ఏదో కాలక్షేపం’ అనే అంటారు.

ఇంట్లో కూర్చుని చేసుకునే పనేదైనా చెప్పమని అడిగేవాళ్లు నెలకి ఒకరైనా వస్తుంటారు. అందరూ మొదట అడిగేది ఒకటే. దేనికి ఎక్కువ డబ్బులొస్తాయి? జాకెట్లకే కదా అని వాళ్లే జవాబూ చెప్పేసుకుంటారు. లైనింగు జాకెట్టుకి నేను 450 తీసుకుంటాను. ఫాల్, పికో కలిపి 100. పైకి చూస్తే దీంట్లో లెక్కేముంది అనిపిస్తుంది. లెక్కంతా ఇందులోనే ఉంది.

జాకెట్టు సంగతి చెబుతాను. ఈమధ్య చీరలకి జాకెట్టు గుడ్డ చీరతోనే కలిసి వస్తోంది. అది 80 సెంటీమీటర్లు ఉంటుంది. కాస్త వొళ్లున్నవాళ్లకి మోచేతి దాకా చేతులు కావాలంటే అంగుళం కూడా వృథా పోవడానికి లేదు. పైగా ఆ గుడ్డ మళ్లీ బజార్లో దొరికేది కాదు. కత్తెర పడిందంటే పడిందే. ఆది జాకెట్టు ఇచ్చి, ‘‘ఇదే కొలత పిన్నిగారూ, కాకపోతే చంక దగ్గర కొంచెం వదులు, చేతులు కొంచెం పొడుగు, వెనక మెడ ఇంకాస్త కిందికి’’ అంటారు. అన్ని ‘కొంచెం’లు కలిశాక అది ఆది జాకెట్టు కాదు, వేరే జాకెట్టు. అందుకే కటింగ్ వేళ నాకు తలుపు చప్పుడు కాకూడదు. గీత గీసి, లైనింగు మీద గుడ్డ పరిచి, పువ్వులు రెండు చేతులకీ ఒకే తీరున పడేలా సర్ది, లోపల కుట్లకి ముప్పావంగుళం వదిలి కత్తిరించడానికి ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంట ముక్కలుగా దొరికితే పనికిరాదు. గ్యాసుబండ వచ్చిందనో, కొరియర్ వాడు ఓటీపీ అడుగుతున్నాడనో లేచి వచ్చేసరికి వెనక భాగమేదో ముందు భాగమేదో మళ్లీ మొదటినుంచీ చూసుకోవాలి.

ఇంట్లో ఉన్న ఆడదానికి ఎవరూ తట్టని ముప్పావుగంట రోజుకి ఎన్నిసార్లు దొరుకుతుంది? నాకు ఒక్కసారి. మావారు ఆఫీసుకి, పిల్లాడు స్కూలుకి వెళ్లి, అత్తగారు టిఫిన్ చేసి పడుకున్నాక, పదిన్నర ప్రాంతంలో. ఆ సమయంలో ఒక జాకెట్టు కత్తిరించగలిగితే ఆ రోజు నడిచినట్టే. రెండోది తీసుకుంటే రాత్రి కత్తిరించాలి. ట్యూబులైటు కింద నీలానికీ నలుపుకీ తేడా తెలియదు.

ఫాల్ అలా కాదు. చీర లోపలి కొస నుంచి జానెడు వదిలి అంచు వెంట ఫాల్ పెట్టి గుచ్చుకున్నాక, కిందివరస మిషన్ మీద వేసినా, పైవరస చేత్తో ఎమ్మింగ్ చేయాల్సిందే. పట్టుచీరకైతే రెండు వరసలూ చేతికుట్టే. మిషన్ వేస్తే పట్టు ముడతలు పడుతుంది. రేపు ఫాల్ పాతబడి విప్పినప్పుడు సూదిబెజ్జాలు మిగిలిపోతాయి. సన్నసూది, ఒంటిపోగు దారం. బయటివైపు ఒక్క పోగునే అందుకోవాలి, కుట్టు కనపడకూడదు. ఈ పని నేర్చుకోవడానికి వారం చాలు. దీన్లో ఉన్న గొప్పతనం నైపుణ్యం కాదు. కుక్కరు కూత పెడితే సూదిని గుడ్డలోనే గుచ్చి లేచిపోవచ్చు. వచ్చి అక్కడినుంచే అందుకోవచ్చు. మధ్యలో వదిలినందుకు ఏమీ చెడదు.

100 రూపాయల్లో ఫాల్ ఖర్చు, దారం, కరెంటు తీసేస్తే చేతికి 70 మిగులుతాయనుకోండి. గంట పైచిలుకు పని. జాకెట్టు 450లో లైనింగు, ఉక్సులు, దారం, ఎమ్మింగుకి బయట ఇచ్చే కూలి పోను 280 దాకా మిగులుతాయి. కటింగ్‌తో కలిపి మూడుగంటల పని. ఆ తర్వాత ‘‘భుజం జారుతోంది’’ అంటూ వచ్చేవాళ్లకి విప్పి కుట్టే సమయం లెక్కలోకి రాదు. అదీ కలిపి గంటకి చూస్తే రెండూ కాస్త అటూఇటూగా ఒకటే. కానీ జాకెట్టు గంటలు నా రోజులో ఉన్న మంచిగంటలు. ఫాల్ గంటలేమో అన్నం ఉడికేలోపు, అత్తగారి సీరియల్ నడిచేలోపు, పిల్లాడు ఎక్కాలు అప్పజెప్పేలోపు ఏరుకున్నవి. వాటిని అమ్ముకోవడానికి ఇంకో దారి లేదు. అందుకే అడిగిన వాళ్లకి నేను చెప్పేది ఎంతొస్తుందని కాదు. మీ ఇంట్లో ఆ పని మధ్యలో వదిలేస్తే ఏమవుతుంది, అది చూసుకోండి అంటాను. మైసూర్‌పాక్ పాకం వదిలేయలేరు. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్లు పాఠం మధ్యలో లేవలేరు. అప్పడాలు వదిలేయొచ్చు, పిండి మీద తడిగుడ్డ కప్పి. పాఠమూ పాకమూ చేయొద్దని కాదు. ఆ గంటకి ఇంట్లో ఇంకో మనిషి సాయం ఉండాలి. లేకపోతే నెల తిరక్కుండా మానేస్తారు.

మా అత్తగారిది నరసాపురం వైపు పల్లె. పెళ్లికి ముందు ఆవిడ లేసు అల్లేవారట. ఇప్పటికీ ఆవిడ పెట్టెలో అడుగున టీపాయి మీద పరిచే గుడ్డ ఒకటి ఉంది, దారానికి పసుపురంగు వచ్చేసింది. క్రోషె సూది మీద ఎప్పుడు చూసినా ఒక్క ముడే బతికి ఉంటుంది. దాన్ని కాస్త పెద్దది చేసి, సూది తీసి పక్కన పెట్టి గేదెకి కుడితి పెట్టి రావొచ్చు. మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన ఆ అల్లిక గోదావరి పల్లెల్లో ఇంటింటికీ పాకడానికి ఈ సౌకర్యం కూడా ఒక కారణమని నా అనుమానం. పువ్వులు ఒకరు అల్లితే, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరు చేసేవారు. ఏ ముక్క ఎక్కడ ఆగినా పెద్దపని ఆగదు.

ఆ సౌకర్యానికి కట్టిన ధర కూడా చెప్పాలి. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడి ఆడవాళ్ల మధ్య తిరిగి 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం తెచ్చింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నా వాళ్లని అందరూ గృహిణులనే అన్నారని, అది తీరికవేళ పని అని పేరుపెట్టి కూలిని అడుగున ఉంచారని ఆమె రాసింది. 2024లో నరసాపురం క్రోషె లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. మా అత్తగారిని అడిగితే గుర్తింపు సంగతి వదిలేసి, ఏజెంటు దారం ఉండ తూచి ఇచ్చి, అల్లింది తూచి తీసుకునేవాడని, మధ్యలో వృథా పోయిన దారం వీళ్ల లెక్కలోనే వేసేవాడని చెప్తారు.

ఆ ‘తీరికవేళ’ నా గుమ్మంలోకీ వస్తుంది. ‘‘ఇంట్లోనేగా కుట్టేది, షాపుకిచ్చినట్టు ఇవ్వాలా?’’ అంటారు. మెయిన్‌రోడ్డు మీద షాపులో ఫాల్‌కి ఎంతంటే అంత స్కాన్ చేసి వచ్చేవాళ్లు, నా దగ్గర మాత్రం బేరమాడతారు. షాపు అద్దె లేదు కదా అని వాళ్ల ధర్మసందేహం. ముందుగదికి అద్దె లేకపోవడమేంటి, మేమందరం పడగ్గదిలో సర్దుకుంటున్నదే దాని అద్దె. ఇదివరకు ఈ మాట లోపల అనుకునేదాన్ని. ఇప్పుడు రేట్లు తెల్లకాగితం మీద రాసి మిషన్ వెనక గోడకి అంటించాను. వింతేమంటే, నోటితో చెప్పిన ధరకి బేరమాడినవాళ్లే గోడ మీది ధర చదివి ఊరుకుంటారు. రాత్రి తొమ్మిదికి తలుపుకొట్టి, ‘‘రేపు పొద్దున పేరంటం అమ్మాయ్’’ అనేవాళ్ల కోసం అర్జంటు రేటు కూడా వేశాను. అప్పట్నుంచి పేరంటాలు ముందే తెలుస్తున్నాయి.

సీజన్లు తెలియాలి. ఆషాఢంలో డిస్కౌంటు చీరలు కొంటారు, శ్రావణ శుక్రవారాలకి అవి నా మీద పడతాయి. దసరా నుంచి కార్తీకం దాకా ఊపిరాడదు. మాఘం, ఫాల్గుణం, మళ్లీ వైశాఖం పెళ్లిళ్లు. మూఢం వచ్చిందంటే మిషన్‌కి నూనె వేసుకుని కూర్చోవడమే. పన్నెండు నెలల ఆదాయం ఇదని ఎవరైనా నెలసరి లెక్క చెప్తే నమ్మకండి. శ్రావణంలో వచ్చింది పుష్యంలో తినాలి.

ఈమధ్య ఫోన్లలో ఇంకో రకం పని తిరుగుతోంది. పెన్సిళ్లు డబ్బాల్లో సర్దితే నెలకి ముప్పైవేలు, సరుకు ఇంటికే పంపుతాం, రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం ముందు కట్టండి. మా వీధిలోనే కట్టినవాళ్లున్నారు. ఫీజు తర్వాత ఐడీ కార్డు డబ్బులు, ఆ తర్వాత కొరియర్ డబ్బులు, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు తీసుకోవడమేమిటి? పెన్సిళ్లు డబ్బాలో పెట్టడానికి ఫ్యాక్టరీల్లో యంత్రాలున్నాయి, వాటికి ముప్పైవేల జీతం అక్కర్లేదు. మోసపోయిన వాళ్లు సిగ్గుపడి చెప్పరు కాబట్టి అదే మెసేజి పక్కవీధికి వెళ్తుంది. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలని కూడా చాలామందికి తెలియదు.

నిజంగా ఉన్న సాయం ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, కుట్టుపని వాటిలో ఒకటి. శిక్షణ రోజులకి 500 చొప్పున భత్యం, పనిముట్లకి 15,000 దాకా వోచరు, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా అప్పు. ఇంటికి ఒక్కరికే. నా మొదటి మిషన్‌ మాత్రం డ్వాక్రా అప్పుతో వచ్చింది. తొక్కుడు మిషనే. మోటారు తర్వాత బిగించాను. పికోకి వేరే మిషన్ కావాలి. అది సెకండ్‌హ్యాండ్‌ది తీసుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు పికో మిషన్ కొనకండి. ఫాల్ కుట్టి పికో బయట వేయించుకోండి. చీరలు వరసగా వస్తున్నాయని తేలాక చూడొచ్చు.

ఎమ్మింగ్, కాజాలు, ఉక్సుల పని మా వెనకవీధిలో ఒకామెకి ఇస్తాను. జాకెట్టుకి 40. మొదట్లో 30 ఇచ్చేదాన్ని. మీస్ పుస్తకంలో ఏజెంట్లు కూలి ఎలా కట్టారో చదివిన తర్వాత నా సంచిలో మడతపెట్టి పంపే జాకెట్లవైపు కొంచెం ఇబ్బందిగానే చూశాను. ఆమె కూడా ఇంట్లోనే చేస్తుంది, ఆమెకీ అద్దె లేదు. ‘ఇంట్లోనేగా’ అన్న మాట నేను నోటితో అనలేదు, రేటుతో అన్నాను. 40 చేసినప్పుడు గోడమీది కాగితంలో జాకెట్టుకి 20 పెంచాను. సగం ఆమెకి, సగం నాకు. గొణిగినవాళ్లు గొణిగారు, పోయినవాళ్లు ఒకరిద్దరే.

అంత చేశాక ఈ ఆషాఢంలో ఆమె వచ్చి, ‘‘అక్కా, ఇకమీదట ఎమ్మింగ్ చేయలేను, ఏమనుకోకు’’ అంది. వాళ్లమ్మాయి ఇంజినీరింగ్ చదువుతూ ఫోన్లో చూసి క్రోషె కుచ్చులు నేర్చుకుందట, తల్లికీ నేర్పింది. కొంగుకి పూసలు గుచ్చి అల్లితే 600 నుంచి మొదలు, డిజైను బట్టి వెయ్యి దాటుతుంది. పట్టుదారం, పూసల ఖర్చు తక్కువే. రెండుమూడు రోజుల పని, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. నేను పది మందికీ చెప్పే లెక్కే ఆమె నాకు వేళ్ల మీద చెప్పింది. కాదనడానికి ఏం లేదు. కుచ్చుల చీరలు ఇక ఆమెకే పంపుతాను, ఆమె రేటుకి.

ఎమ్మింగుకి ఇంకో మనిషి కావాలి. శ్రావణం ముందు దొరకడం కష్టం. 50 ఇస్తానన్నా ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.