మా కారు షెడ్డు సినిమా హాలయిన విధంబెట్టిదనిన...

ముందుగా ఒక లెక్క. అనుకున్న బడ్జెట్ 1,00,000 రూపాయలు. అయిన ఖర్చు 1,41,000. ఆఫీసులో ఏ ప్రాజెక్టయినా ఇలా 41 శాతం పెరిగితే మేనేజరు గారు ఓ గదిలో అందర్నీ కూర్చోబెట్టి 'ఏం నేర్చుకున్నాం' అని గంట సేపు మీటింగు పెడతారు. మా ఇంట్లో ఆ పద్ధతి లేదు కాబట్టి, ఆ మినిట్స్ ఏవో నేనే ఇక్కడ రాసేస్తున్నా. చివర్లో ఆ 1,41,000 కూడా తప్పని తేలుతుంది, కంగారు పడకండి :)

కథ 2024 సంక్రాంతికి మొదలైంది. సెలవులకి రాజమండ్రి వెళ్ళా. పండగ సినిమాకి వెళ్దామంటే అమ్మ "నాకొద్దులేరా, మీరిద్దరూ వెళ్ళి రండి" అంది. అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. చీకట్లో ఆ మెట్లెక్కడం, మధ్యలో లేవాల్సొస్తే పదిమంది కాళ్ళు దాటుకుంటూ రావడం ఇక తన వల్ల కాదు. ఒకప్పుడు సినిమా విడుదలైన వారంలోపు చూడకపోతే అన్నం సహించని మనిషి! "మీ అమ్మ లేకుండా ఎందుకులే" అని నాన్న కూడా చొక్కా విప్పేశారు. ముగ్గురం టీవీలో యాడ్స్ మధ్య వచ్చే సినిమా చూస్తూ కూర్చున్నాం.

ఆ రాత్రి నాలోని ఇంజినీరు నిద్ర లేచాడు. అమ్మ హాలుకి వెళ్ళలేకపోతే హాలునే ఇంటికి తెద్దాం!

మా ఇంటి పక్కన కారు షెడ్డు ఉంది. 18 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. పైన పాత సిమెంటు రేకులు, ముందు రోలింగ్ షట్టరు, పక్కన వరండాలోకి ఓ తలుపు. లోపల నాన్న మారుతి 800. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్ గా చేసి రిటైరయ్యారు. ఆ కారు 2006లో సెకండ్ హ్యాండులో కొన్నారు. 2014లో కంపెనీ వాళ్ళే ఆ మోడల్ తయారీ ఆపేశారు గానీ మా నాన్న మాత్రం ఆపలేదు. అది రోడ్డెక్కేది నెలకి రెండుసార్లు. మిగతా రోజులన్నీ దాని బానెట్ ఎత్తి ఉంటుంది.

నాకు మాత్రం అక్కడ 180 చదరపు అడుగుల ఖాళీ స్థలం కనిపించింది.

"నాన్నా, షెడ్డుని హోమ్ థియేటర్ చేద్దామా? కారు వేపచెట్టు కింద పెట్టుకోవచ్చు కదా" అన్నా. నాన్న కాసేపు ఆలోచించి "నీ ఇష్టంరా" అన్నారు. నేను దాన్ని అప్రూవల్ కింద రాసేసుకున్నా. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ ఇక్కడికే వస్తాం.

సరే, పనిలోకి దిగుదాం.

మొదటి తలనొప్పి పైకప్పు. రాజమండ్రి ఎండలో రేకుల కింద మే నెలలో మనిషే ఉండలేడు, ఇక ప్రొజెక్టరేం ఉంటుంది? వానొస్తే ఆ చప్పుడికి ఏ సౌండ్ సిస్టమూ చాలదు. పైగా పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని కోసినా, బెజ్జాలు పెట్టినా లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. అందుకని రేకుల్ని అసలు ముట్టుకోవద్దని మేస్త్రికి ముందే చెప్పేశా. అడుగు కిందకి, గోడ నుంచి గోడకి ఇనుప చానెళ్ళు కొట్టించి, వాటి మీద 50 మిల్లీమీటర్ల రాక్ వుల్ పరిచి, కింద జిప్సం బోర్డు బిగించాం. ఎత్తు 8 అడుగులకి తగ్గింది, వేడీ చప్పుడూ బాగా తగ్గాయి. షట్టరు శాశ్వతంగా దించేసి, దానికి తగలకుండా లోపలి వైపు ఇంకో గోడ, అదే రాక్ వుల్, జిప్సం బోర్డు రెండు పొరలు. తగలకుండా అని ఎందుకంటున్నానంటే, తగిలితే సబ్ వూఫర్ మోగినప్పుడల్లా షట్టరు కూడా పాడుతుంది.

రెండోది ప్రొజెక్టరు. ఇక్కడ మనలాంటి చదువుకున్న వాళ్ళే ఎక్కువ మోసపోతారు. ఎనిమిది వేలకి '9000 ల్యూమెన్స్, 4కె సపోర్ట్' అని అమ్ముతుంటారు. ఆ ల్యూమెన్స్ లోపలి బల్బువి, తెర మీద పడే వెలుగువి కాదు. చూడాల్సింది ఆన్సీ ల్యూమెన్స్, అవి చాలా వాటికి రెండు మూడు వందలు కూడా ఉండవు. అలాగే '4కె సపోర్ట్' అంటే 4కె ఫైలు ఇస్తే తీసుకుంటుందని మాత్రమే, చూపించేది 720 గీతలే కావచ్చు. 'నేటివ్ రిజల్యూషన్' ఎంతో అడగండి. నేను ఓ శిక్షణా సంస్థ తీసేస్తున్న డీఎల్పీ ప్రొజెక్టరు, నేటివ్ 1080పి, 27,000కి కొన్నా.

తెర ఎంత పెద్దది పెట్టాలనేది మనిష్టం కాదు, గది ఇష్టం. 100 అంగుళాల తెర (మూల నుంచి మూలకి) అంటే 87 అంగుళాల వెడల్పు, 49 అంగుళాల ఎత్తు. నా ప్రొజెక్టరు త్రో రేషియో 1.5. అంటే 87ని 1.5తో గుణిస్తే వచ్చే 130 అంగుళాలు, సుమారు 11 అడుగుల దూరంలో అది ఉండాలి. ఆ సైజుకి కూర్చునే దూరం 10 నుంచి 13 అడుగులు బావుంటుంది. 18 అడుగుల గదికి సరిగ్గా అతికింది. స్క్రీన్ కొనలేదు. వెనక గోడకి రెండు కోట్లు లప్పం పెట్టించి, నున్నగా తీయించి, మెరుపులేని తెల్లరంగు వేయించి, చుట్టూ నల్ల వెల్వెట్ గుడ్డతో అంచు కట్టాం. మిగతా గోడలకీ సీలింగుకీ ముదురు బూడిద రంగు. గోడలు తెల్లగా ఉంటే తెర మీది వెలుగు వాటికి తగిలి మళ్ళీ తెర మీదే పడి, నలుపు కాస్తా బూడిదలా కనిపిస్తుంది.

ఇక సౌండు. గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికిస్తే చాలని నాకు కనీసం పదిమంది సలహా ఇచ్చారు. చాలదండీ. శబ్దం బయటికి పోకుండా ఆపడం వేరు, లోపల ప్రతిధ్వని తగ్గించడం వేరు. మొదటిదానికి బరువు కావాలి, సందులు ఉండకూడదు. రెండోదానికి మందమైన పీచు పదార్థం కావాలి. గుడ్ల అట్టలకి బరువూ లేదు, మందమూ లేదు. ఖాళీ గదిలో చప్పట్లు కొడితే గోడల మధ్య టకటకమని తిరుగుతుంది చూశారా, అది పోవడానికి రాక్ వుల్ పలకలకి గుడ్డ చుట్టి పెట్టుకుంటే సరి. ఎక్కడ పెట్టాలో తెలియడానికో చిట్కా: మీరు సీట్లో కూర్చోండి, ఇంకొకరిని గోడ వెంబడి అద్దం జరుపుకుంటూ వెళ్ళమనండి. అద్దంలో స్పీకరు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఓ పలక. మా ఇంట్లో అద్దం పట్టుకున్నది నాన్న. "పెళ్ళిచూపుల్లా ఉందిరా" అన్నారు.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి. బల్బు ఉన్న ప్రొజెక్టరు సినిమా అయ్యాక కూడా కాసేపు ఫ్యాను తిప్పుకుని చల్లబడాలి. కరెంటు పోయి ఠక్కున ఆగిపోతే బల్బు ఆయుష్షు తగ్గుతుంది. అందుకని ఓ చిన్న యూపీఎస్, అది ప్రొజెక్టరుకి మాత్రమే.

లెక్క రాసుకునేవాళ్ళ కోసం: ప్రొజెక్టరు 27,000, రిసీవరు, ఐదు స్పీకర్లు, సబ్ వూఫర్ (అన్నీ సెకండ్ హ్యాండే) 34,000, సీలింగు, ముందు గోడ 36,000, విడిగా ఎర్తుతో వైరింగు 9,000, రంగులు, తెర 8,500, గుడ్డ చుట్టిన పలకలు 7,500, కార్పెట్టు, పాత సోఫాకి కొత్త బట్ట 11,000, నా గదిలోని ఏసీ ఇక్కడికి మార్చడానికి 3,500, యూపీఎస్ 4,500. మొత్తం 1,41,000.

ఆగస్టులో మొదటి షో. ఏ సినిమా అంటే నాన్న 'అల్లూరి సీతారామరాజు' అన్నారు. 1974లో వచ్చిన ఆ సినిమా తెలుగులో మొదటి సినిమాస్కోపు. నా తెర మీద పైనా కిందా నల్లపట్టీలు పోగా 37 అంగుళాల ఎత్తే వచ్చింది గానీ, వెడల్పు మాత్రం గోడంతా. అమ్మ వరండా లోంచి ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా లోపలికొచ్చి, సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కింటి పిన్నిగారితో కలిసి ప్రతి సీనుకీ రన్నింగ్ కామెంటరీ. నాకైతే రిలీజు రోజు రాత్రి బగ్గులేమీ రాకపోతే ఉండే ఆనందం.

పద్ధతి ప్రకారం ఇంటర్వెల్ ఇచ్చాం. టీ తాగి అందరూ వచ్చారు, నాన్న రాలేదు. బయట వాన. చూద్దును కదా, వేపచెట్టు కింద టార్చిలైటు పట్టుకుని, గాలికి లేచిన టార్పాలిన్ ని కారుకి కడుతున్నారు. వెళ్ళి రెండో కొస పట్టుకున్నా. బానెట్ కింద ఎలకలు వైర్లు కొరికేశాయి. వెనక సీటు తడిసిపోయింది. "ఎప్పట్నించి నాన్నా ఇలా?" అంటే "జూన్ నించేరా" అన్నారు. "సినిమా చాలా బావుంది, నువ్వెళ్ళు, నేనొచ్చేస్తా" అని కూడా అన్నారు.

నా ప్రాజెక్టు గో లైవ్ అయింది, యూజరు మాత్రం వానలో ఉన్నారు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. షెడ్డు ఖాళీ చేసేటప్పుడు నాన్న స్పానర్లు, బేరింగులు, డబ్బాల్లో దాచుకున్న నట్లు అన్నీ అట్టపెట్టెల్లో సర్ది, ప్రతి పెట్టెకీ చక్కగా ప్రింటు తీసిన లేబుల్ అంటించి అటకెక్కించా. అంత నీట్ గా చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నా కూడా. రోజూ సాయంత్రం వీధిలో ఎవరో ఒకరు స్కూటర్ తోసుకుంటూ వచ్చి "మాస్టారూ, ఒకసారి చూస్తారా" అనేవాళ్ళు. జూన్ నుంచి ఎవరూ రావట్లేదు. ఎందుకొస్తారు, పనిముట్లు అటక మీదుంటే? వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఆ రెండు నెలలూ నేను ఇంట్లోనే ఉన్నా. నాన్న వరండాలో పేపరు రెండోసారి చదవడం రోజూ చూశా. రిటైరయ్యాక ఇలాగే ఉంటారేమో అనుకున్నా. ఆయన రిటైరైంది అప్పుడు కాదు, నేను షట్టరు దించిన రోజున.

మనం క్లయింటు దగ్గర 'యాజ్ యూ విష్' అనే మాట వింటే జాగ్రత్త పడతాం. ఇష్టం లేదనడానికి అది మర్యాదైన పద్ధతని మనకి తెలుసు. అదే మాట నాన్న తెలుగులో అంటే నాకు అర్థం కాలేదు.

మర్నాడే మేస్త్రికి ఫోన్ చేశా. ఇంటికి రెండో పక్క, కాంపౌండు గోడకి ఆనించి ఇనుప పైపులతో రేకుల పందిరి వేయించాం. కారు పట్టేంత చోటు, ఓ పక్కన పనిబల్ల, పైన ట్యూబులైటు. 26,000 అయింది. కాబట్టి అసలు లెక్క 1,67,000. ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇదే చెబుతున్నా. అట్టపెట్టెలు దించాక నాన్న మొదట చేసిన పని నా లేబుల్స్ పీకేయడం. "ఏది ఎక్కడుందో చేతికి తెలియాలిరా, చదువుకోవడమేంటి" అన్నారు.

అంతా సర్దుకుందని చెప్పను. పాత షెడ్డులో షట్టరు సగం దించుకుంటే నాన్న లోకం నాన్నది. పందిరికి మూడు పక్కలా గోడల్లేవు, దారినపోయే ప్రతివాళ్ళూ పలకరిస్తారు. వానజల్లు పని బల్ల మీద పడుతుంది. స్కూటర్ల వాళ్ళు కొందరు మళ్ళీ వస్తున్నారు, కొందరు ఈలోపు వేరే మెకానిక్ ని వెతుక్కున్నారు.

కానీ ఓ రోజు ఇలా జరిగింది. అమ్మతో పాటు సినిమా చూస్తున్న నాన్న ఉన్నట్టుండి "ఆ బుయ్యిమనే చప్పుడేంటిరా?" అన్నారు. నాకేం వినపడలేదు. సౌండు ఆపి చెవి పెడితే నిజమే, స్పీకర్లలోంచి సన్నగా ఓ హమ్. పాత రిసీవరే పోయిందనుకుని కొత్తదాని రేట్లు చూడ్డం మొదలుపెట్టా. నాన్న మాత్రం లేచి వెనక్కెళ్ళి వైర్లు ఒక్కొక్కటే పీకుతూ వచ్చారు. డిష్ యాంటెన్నా కేబులు పీకగానే చప్పుడు ఆగిపోయింది. ఎర్తు రెండు దారుల్లో కలిసి లూప్ అవుతోందన్నమాట. బీటెక్ ఈసీఈ చదివింది నేను! "ఇంజనైనా ఇంతేరా, ముందు ఒక్కొక్కటీ తీసి చూడాలి, కొత్తది కొనడం ఆఖర్న" అన్నారు. ఆ రోజు నుంచి షోకి ముందు స్విచ్చులు వేసేది నాన్నే. నేను ఊళ్ళో లేకపోయినా అమ్మకి శనివారం సినిమా ఆగట్లేదు.

మీరూ ఇంట్లో కారు షెడ్డో, గోడౌనో, ఖాళీ గదో చూసి ఇలాంటి ఆలోచన చేస్తుంటే తప్పకుండా చెయ్యండి. లక్షన్నరలో మంచి హాలు అవుతుంది. కానీ టేపు తీసి గది కొలిచే ముందు, అందులో రోజూ ఎవరు ఎంతసేపు ఉంటున్నారో ఓ వారం గమనించండి. వాళ్ళకి ముందు చోటు కట్టించి, తర్వాత ప్రొజెక్టరు కొనండి. నేను ఆ 26,000 మొదటే ఖర్చు పెట్టుంటే ఓ సీటు కవరూ, కొన్ని వైర్లూ, మా నాన్నకి రెండు నెలల సాయంత్రాలూ మిగిలేవి.