కార్తీకంలో పట్టిన నవల నోము

నవల రాయాలంటే ఏళ్లు పడుతుందనీ, అది మన ఆడవాళ్ల తీరికకి కుదిరే పని కాదనీ మీరూ అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ చూడండి, విశ్వనాథ సత్యనారాయణ గారు అంత పెద్ద ‘వేయిపడగలు’ని ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీ కోసం 1934లో 29 రోజుల్లో, తాను చెబుతూ తమ్ముడి చేత రాయించారట! అమెరికాలో 1999లో 21 మంది కలిసి, ఎవరూ అడక్కుండానే, నెల్లాళ్లలో తలా ఒక నవల రాద్దామని కూర్చున్నారు. తర్వాత అది ఏటా నవంబరులో 50 వేల మాటల పందెంగా ఎన్నో దేశాలకి పాకింది.

మా అమ్మ కథ రాయాలని నాకు పదేళ్లుగా కోరిక. ‘చూద్దాంలే’ అంటూ గడిపేశాను. ఈమధ్య అమ్మకి మతిమరుపు ఎక్కువైంది. ఓరోజు నన్నే చూసి, “ఎవరమ్మా నువ్వు?” అంది. ఇక ఆగకూడదనిపించింది.

కార్తీక పాడ్యమి నాడు దీపం పెట్టి, 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తెరిచాను. అమావాస్యకల్లా నిండాలి. అంటే రోజుకి ఏడు పేజీలు. తెల్లవారుజామున మూడు, మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక నాలుగు. రాసింది వెనక్కి తిప్పి చదవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తోచని చోట ఖాళీ వదిలేశాను. లేచేటప్పుడు వాక్యం సగంలో ఆపేదాన్ని. మర్నాడు అందుకోవడం తేలికయ్యేది.

పదిహేడో రోజు చుట్టాలొచ్చారు. నాలుగు రోజులు పెన్ను ముట్టలేదు. టిఫిను పది నిమిషాలు ఆలస్యమైతే ఇల్లంతా అడుగుతుంది కదా, నా పుస్తకం సంగతి ఒక్కరూ అడగలేదు. అప్పుడు భయం వేసింది. మనం పెట్టుకున్న గడువుకి మనమే కాపలా కాసుకోవాలి. మావారితో, “ఈ పది రోజులూ రాత్రి వంట మీదేనండీ” అన్నాను. ఉప్మాతోనే నెట్టుకొచ్చారు పాపం! నేను రోజుకి తొమ్మిదేసి పేజీలు రాశాను.

అమావాస్య రాత్రి ఆఖరి పేజీలో ‘శుభం’ అని రాశాను. తప్పులు లేవనను. ఒకే మనిషికి రెండు పేర్లున్నాయి. మామగారు మధ్యలో మాయమైపోయారు. పర్వాలేదు, రాసింది దిద్దుకోవచ్చు. రాయనిదాన్ని ఏం దిద్దుతాం?

పుట్టింటికి వెళ్లి అమ్మకి చదివి వినిపించాను. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. గేదె దగ్గరికి వచ్చేసరికి మాత్రం, “లక్ష్మి కాదే, దాని పేరు గౌరి” అంది. అక్కడికక్కడే దిద్దాను.

మీ మనసులోనూ ఓ కథ ఉండే ఉంటుంది. క్యాలెండర్లో పాల లెక్క పక్కనే దానికీ ఓ తారీకు రాసుకోండి. ఆలస్యం చెయ్యకండేం!