‘తెలియదు’ అని రాసిపెట్టుకోవడం

2000 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా తీరంలోని మాంటరే బే ప్రాంతంలో టిబ్యురాన్ అనే రోబోని సముద్రంలోకి దింపారు. లోపల మనిషి ఉండడు. పైన ఓడలో కూర్చున్నవాళ్ళు కేబుల్ ద్వారా దాన్ని నడుపుతూ, దాని కెమెరా చూసేదంతా స్క్రీన్ మీద చూస్తుంటారు. 2,614 మీటర్ల లోతున ఆ కెమెరా ముందుకి ఒక జంతువు వచ్చింది. అద్దంలాంటి ఒళ్ళు. ఒక కొసన పెద్ద ముసుగు. ఇంకో కొసన అంచంతా వేళ్ళు మొలిచినట్టున్న చదునైన తోక. మధ్యలో రంగు రంగుల లోపలి అవయవాలు బయటికే కనబడుతున్నాయి. స్క్రీన్ ముందున్నది ఏళ్ళ తరబడి లోతు సముద్రాన్ని చూస్తున్న శాస్త్రజ్ఞులు. వాళ్ళకీ అదేమిటో అంతుపట్టలేదు. నత్తల జాతిదేమో అనిపించి ‘మిస్టరీ మొలస్క్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. దానికి అసలు పేరు వచ్చింది 2024 నవంబర్లో.

జంతువు వింతదే. కానీ నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ ఇరవై నాలుగేళ్ళు. అన్నేళ్ళ పాటు ఒక సంస్థ తన రికార్డుల్లో ఒక జీవి పక్కన ‘ఇదేమిటో మాకింకా తెలియదు’ అన్న అర్థమొచ్చే మాటని అలాగే ఉంచుకోగలిగింది. నేను పనిచేసే లోకంలో అలాంటి ఓపిక ఎక్కడా చూడలేదు.

బతుకుతెరువుకి నేను రాసే ప్రోగ్రాముల్లో కొన్ని, బొమ్మని చూసి పేరు చెబుతాయి. వెయ్యి పేర్లు నేర్పిన మోడల్‌కి వెయ్యిన్నొకటో వస్తువు చూపిస్తే అది నోరెళ్ళబెట్టి ఆగిపోదు. చివర్లో సాఫ్ట్‌మాక్స్ అని ఒక లెక్క ఉంటుంది. ఉన్న నూరు శాతాన్నీ అది తెలిసిన ఆ వెయ్యి పేర్లకే పంచేస్తుంది. మనం ప్రత్యేకంగా కట్టిపెడితే తప్ప, ఎవరికీ ఇవ్వకుండా కాస్త మిగుల్చుకునే వీలు దానికి లేదు. జెల్లీఫిష్ సంగతే ఎరగని మోడల్ దాన్ని గొడుగు అనగలదు, తొంభై శాతం ధీమాతో. ఎంసెట్‌లో నెగటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియని ప్రశ్నకి కూడా ఏదో ఒక బుడగ నింపేసి రమ్మని మాకు కోచింగ్‌లో చెప్పేవారు. సాఫ్ట్‌మాక్స్‌ది సరిగ్గా అదే చదువు. మా తరంలో చాలామందిదీ అదే అనుకుంటాను.

మనుషులకి ఇంకో సౌకర్యం ఉంది, పోలిక. 2012లో ఒక వీడియో ప్రపంచమంతా తిరిగింది. సముద్రంలో చమురు తవ్వకాల దగ్గర పనిచేసే రోబో తీసింది. తెల్లటి పలచటి గుడ్డలాంటిదేదో కెమెరా ముందు మెలికలు తిరుగుతూ, ముడుచుకుంటూ, మళ్ళీ విచ్చుకుంటూ ఉంటుంది. తిమింగలం మాయ అన్నారు కొందరు. రాక్షసి అన్నారు ఇంకొందరు. మొన్నామధ్య దాన్ని మళ్ళీ పెట్టుకు చూస్తుంటే మా అమ్మ వెనకనుంచి చూసి, “ఏంట్రా అది, పాలిథీన్ కవరా?” అంది. అది డీప్‌స్టారియా అనే జెల్లీఫిష్. దాని జాతికి 1967లో ఆ పేరు పెట్టారు, డీప్‌స్టార్ 4000 అనే చిన్న జలాంతర్గామి పేరు మీద. అమ్మ ఊహ తీసిపారేయాల్సిందేం కాదు. 1998లో జపాన్ వాళ్ళ కెమెరా మరియానా ట్రెంచ్‌లో 10,898 మీటర్ల లోతున నిజంగానే ఒక ప్లాస్టిక్ కవర్‌ని ఫోటో తీసింది. అక్కడ కవర్ని జంతువనుకోవచ్చు, జంతువుని కవరనుకోవచ్చు. కంటికి వచ్చిన మొదటి పోలిక దగ్గరే ఆగిపోతే రెండూ ఒకటే.

మరి గుర్తుపట్టడం అనే పని ఎలా జరుగుతుంది? టిబ్యురాన్‌ని దింపిన సంస్థ మాంటరే బే ఎక్వేరియం రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. పొడి అక్షరాల్లో ఎంబారీ. 1987లో దాన్ని స్థాపించింది డేవిడ్ ప్యాకార్డ్, హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ పేరులోని రెండో సగం. అక్కడ రోబోలు తెచ్చిన వీడియోలని మనుషులు కూర్చుని చూస్తారు. ఏ క్షణంలో, ఏ లోతులో, ఏ జీవి కనబడిందో రాస్తారు. రాసేది తమకి ఖాయంగా తెలిసినంత వరకే. జాతి చెప్పలేకపోతే ప్రజాతి, అదీ కాకపోతే కుటుంబం, అదీ కాకపోతే ‘ఏదో జెల్లీ’.

ఈ ఆగడానికి జీవశాస్త్రంలో ఒక చిన్న వ్యాకరణమే ఉంది. పేరు మధ్యలో ‘సి.ఎఫ్.’ అని రాస్తే ‘దీనితో పోల్చి చూడండి, అదేనని మాత్రం నేను అనడం లేదు’ అని. ‘ఇండెట్.’ అంటే ఉన్న ఆధారంతో ఇంతకన్నా ముందుకి పోలేం అని. ‘స్టెట్.’ అంటే ఇంకా ముందుకి పోవచ్చేమో గానీ నేను ఇక్కడే ఆగాను అని. ఒక్కో లాటిన్ ముక్క ఒక్కో రకమైన తెలియకపోవడం. ఇవి మొదటిసారి చదివినప్పుడు నాకు అసూయ కలిగింది. ఖాళీ ఉన్నప్పుడు పుస్తకాల మీద రాస్తుంటాను. ఒక తెలుగు కథలో చచ్చిపోయిన తాత వచ్చి అరుగు మీద కూర్చుంటే దాన్ని మేజిక్ రియలిజం అనేస్తాం. ఆఫీసులో ఒకడు ఊపిరాడక అల్లాడితే కాఫ్కా అంటాం. అక్కడ కావాల్సింది ‘సి.ఎఫ్. కాఫ్కా’. పోల్చి చూడండి, అంతే. ఆ అరుగు మీద తాత ఏ లాటిన్ అమెరికా నుంచీ రాలేదేమో, మన ఊళ్ళలో పోయినవాళ్ళకి ఏటా విస్తరి వేసి పిలిచే అలవాటులోంచి వచ్చాడేమో. పక్కన ఆ రెండక్షరాలు రాసుకుంటే ఆ ప్రశ్న తెరిచే ఉంటుంది.

మిస్టరీ మొలస్క్ విషయంలో ప్రశ్నని తెరిచి ఉంచినందుకు దొరికింది తక్కువేం కాదు. ఇరవై ఏళ్ళకి పైగా అదే జంతువు మళ్ళీ మళ్ళీ కెమెరాల్లో పడింది, 150 సార్లకు పైగా. ఒకటి ముసుగు విప్పి చిన్న రొయ్యల్లాంటివాటిని పట్టుకుంటూ కనబడింది. ఒకటి భయపడి వెలుగు చిమ్మింది. ఒకటి వెలుగుతున్న తోక వేలు ఒకదాన్ని వదిలేసింది, బల్లి తోక వదిలేసినట్టు. ఒకటి సముద్రం అడుగుకి దిగి, నత్తకుండే పాదంతో నేలని పట్టుకుని గుడ్లు పెడుతోంది. ఒక్క వీడియో చూసి పేరు పెట్టేస్తే ఇవన్నీ తరవాత వచ్చే వింతలయ్యేవి. పేరు రాకముందే ఇవి దాని జీవితచరిత్ర అయ్యాయి.

ఇక వీడియో ఎంత బావున్నా అది సాక్ష్యంలో సగమే. కొత్త జాతి అని ప్రకటించాలంటే మామూలుగా ఒక నమూనా చేతిలో ఉండాలి, ఎవరైనా వచ్చి సరిచూసుకునేలా అది మ్యూజియంలో ఉండాలి. జెల్లీలాంటి ఒంటికి వల వేస్తే మిగిలేది ముద్ద. రోబో మెల్లగా దగ్గరికి వెళ్ళి, జాడీ మూత తీసి, జంతువుని నీళ్ళతో సహా అందులోకి తీసుకోవాలి. అలా దొరికినవాటిని కోసి చూసి, జన్యువులు చదివి, బ్రూస్ రాబిసన్, స్టీవెన్ హాడక్ దానికి బాతీడీవియస్ కాడాక్టిలస్ అని పేరు పెట్టారు. రెండో మాటకి అర్థం తోక వేళ్ళది అని. అది న్యూడిబ్రాంక్, అంటే గుల్ల లేని సముద్రపు నత్తల బంధువు. ఆ బంధువులంతా ఎక్కువగా సముద్రపు నేలని పట్టుకు బతికేవాళ్ళు. వెలుగు చేరని లోతులో, నేలకి దూరంగా, నడినీటిలో ఈదుతూ బతికే న్యూడిబ్రాంక్ అంతకుముందు ఎవరికీ తెలియదు. ఉన్న కుటుంబాల్లో ఎక్కడా ఇమడకపోతే దానికో కొత్త కుటుంబమే పెట్టారు.

అయితే తెలియకపోవడం అన్నిసార్లూ ఇంత గౌరవంగా ఉండదు. 1964 ఆగస్టు 29న ఎల్టానిన్ అనే అమెరికన్ పరిశోధక నౌక, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌కి పడమటగా, దాదాపు 3,900 మీటర్ల లోతుకి కెమెరా దింపి ఒక ఫోటో తీసింది. బురద నేల మీద నిటారుగా ఒక కడ్డీ, దానికి వరసగా, కొలిచి పెట్టినట్టు అడ్డకమ్మీలు. మన ఇళ్ళ మీద దూరదర్శన్ రోజుల్లో ఉండే యాంటెన్నాకి తోబుట్టువు. అంత లోతులో యాంటెన్నా ఎవరు పాతారు? గ్రహాంతరవాసులు అన్నారు. ఆ మాట దశాబ్దాలు బతికింది. 1971లోనే హీజెన్, హోలిస్టర్ అనే ఇద్దరు సముద్ర శాస్త్రజ్ఞులు ‘ద ఫేస్ ఆఫ్ ద డీప్’ అన్న పుస్తకంలో అదొక స్పాంజి అని రాశారు. ఆ స్పాంజికి 1880లోనే ఆస్కర్ ష్మిట్ పేరు పెట్టాడు. 1888లో అలెగ్జాండర్ అగస్సీ, బ్లేక్ అనే ఓడ యాత్రల మీద రాసిన పుస్తకంలో దాని బొమ్మ కూడా ఉంది. అంటే జవాబు ఫోటో కన్నా 76 ఏళ్ళ ముందే అచ్చయి, ఏదో లైబ్రరీ అరలో కూర్చుని ఉంది.

కాబట్టి తెలియకపోవడాలు కనీసం రెండు. ఎవరికీ తెలియనిది ఒకటి. ఎవరికో తెలిసి, మనం వెళ్ళి అడగనిది ఇంకొకటి. తెరమీద రెండూ ఒకేలా కనబడతాయి. తేడా తెలియాలంటే పాత పుస్తకాలు తిరగేసే మనిషి కావాలి. తమాషా ఏమంటే ఈ స్పాంజి కథ అక్కడితోనూ అయిపోలేదు. స్పాంజీలు నీటిని వడపోసుకుని బతుకుతాయని అందరూ అనుకునేవారు. 1995లో ఇద్దరు ఫ్రెంచ్ శాస్త్రజ్ఞులు మధ్యధరా సముద్రపు గుహలో ఒక స్పాంజి చిన్న జీవుల్ని పట్టి తింటోందని చూపించారు. మన యాంటెన్నాదీ ఆ మాంసాహారుల కుటుంబమే. పేరు తెలిసి నూరేళ్ళు దాటాక గానీ అది ఏం తింటుందో తెలియలేదు.

పేరు దగ్గర ఇంత గొడవ ఎందుకు, జంతువుకి దాంతో పనేముంది అని ఒక స్నేహితుడు అడిగాడు. నాకు తోచిన జవాబు ఒక నత్త. 2001లో హిందూ మహాసముద్రంలో, కైరే అనే వేడినీటి బుగ్గల దగ్గర అది దొరికింది. పాదం మీద ఇనుప పొలుసులు ఉంటాయి. నిజంగానే ఐరన్ సల్ఫైడ్. లోకమంతా దాని ఫోటో చూసింది. శాస్త్రరీత్యా పూర్తి వర్ణనతో పేరు స్థిరపడింది మాత్రం 2015లో. 2019లో అది అంతరించే ప్రమాదమున్న జీవుల రెడ్ లిస్ట్‌లో చేరింది. లోతు సముద్రంలో గనుల తవ్వకం వల్ల ప్రమాదం అన్న కారణంతో ఆ జాబితాలోకి ఎక్కిన మొదటి జీవి అదే. అప్పటికి అది ఉంటుందని తెలిసిన మూడు చోట్లలో రెండింటి మీద ఖనిజాల అన్వేషణకి లైసెన్సులున్నాయి. ఫోటోతో, ముద్దుపేరుతో ఆ జాబితాలో చోటు దొరకడం కష్టం.

ఇప్పుడు లెక్క చూడండి. పసిఫిక్‌లో క్లారియన్-క్లిపర్టన్ అని, ఖనిజపు ఉండలు పరుచుకున్న ఒక విశాలమైన ప్రాంతం ఉంది. తవ్వడానికి అందరి కన్నూ దాని మీదే. అక్కడి జీవుల మీద 2023లో వచ్చిన పరిశోధన తేల్చిన అంచనా 5,578 జాతులు. అందులో దాదాపు 90 శాతానికి ఇంకా పేరు లేదు. ఇది ఎక్కడో జరిగే విషయం కూడా కాదు. మధ్య హిందూ మహాసముద్రంలో ఇలాంటి ఉండల కోసమే 75,000 చదరపు కిలోమీటర్ల మీద అన్వేషణ హక్కు మన దేశానికుంది. ముగ్గురు మనుషుల్ని 6,000 మీటర్ల లోతుకి తీసుకెళ్ళేలా చెన్నైలోని సంస్థ మత్స్య 6000 అనే వాహనాన్ని తయారుచేస్తోంది. దాని కిటికీలోంచి మనవాళ్ళు చూడబోయే వాటిలో చాలావాటికి ఏ భాషలోనూ పేరుండదు. ఆ కెమెరాలు తెచ్చే గంటల కొద్దీ వీడియోని ఎవరు కూర్చుని చూస్తారు, ఎంత ఓపికగా చూస్తారు అన్నది నాకు వాహనం కన్నా పెద్ద ప్రశ్న. ఆ చూసేది నాలాంటివాడు రాసిన మోడల్ అయితే, దానికి ముందుగా నేర్పాల్సిన మాట ‘తెలియదు’. పేరు లేని జీవి పోయినా లెక్కలో ఏమీ తగ్గదు. తప్పు పేరుతో ఉన్న జీవి పోయినా అంతే, ఆ పేరుగలవి ఇంకా బోలెడున్నాయి కదా అనుకుంటాం.

దీనికి తిరగేసిన కథ కూడా ఒకటుంది. 1976లో అట్లాంటిక్ మధ్యలో, మూడున్నర వేల మీటర్ల లోతున, పీటర్ రోనా కెమెరాకి బురదలో వరసలు తీరిన చిన్న చిన్న కన్నాలు కనబడ్డాయి. కలిపి చూస్తే తేనెపట్టు గళ్ళలా షడ్భుజులు. అచ్చం అలాంటి ముద్ర దాదాపు 5 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో ఉంది, దానికి పాలియోడిక్టియాన్ అని ఏనాడో పేరు పెట్టారు. రాళ్ళ మీది ముద్రల్ని చదవడంలో దిట్ట అయిన అడాల్ఫ్ సైలాకర్, రోనా కలిశారు. 2003లో ఆల్విన్ జలాంతర్గామి దిగి ఆ గళ్ళ కింద తవ్వి చూసింది. సొరంగాలు దొరికాయి, చేసిన జీవి మాత్రం దొరకలేదు. 2009లో తమకి దొరికినంత వరకూ అచ్చు వేశారు. అవి ఏదో జీవి తవ్విన సొరంగాలా, లేక స్పాంజి లాంటిదాని ఒంటి ముద్రా అన్నది తేలలేదు. 2014లో ఇద్దరూ రెండు నెలల తేడాతో చనిపోయారు. పేరు ఉంది, ముగ్గు లాంటి ఆ గుర్తులు ఉన్నాయి, వేసిన చెయ్యి ఇంకా కెమెరాకి చిక్కలేదు. ఆ గడి ఖాళీగానే ఉంది.