నిరాశా అగ్రం దాకా

సౌత్ జార్జియాలో ఆదివాసులు లేరు. ఎన్నడూ లేరు. దక్షిణ అట్లాంటిక్‌లో, ఫాక్‌లాండ్ దీవులకు 1,400 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ మంచు దీవిలో ఏ అగ్రానికి, ఏ అఖాతానికి పేరున్నా అది ఓడెక్కి వచ్చినవాళ్లు పెట్టిందే. ఆ పేర్ల వరుస పట్టుకుని ఈ తీరం చూడాలని నాకెంతో కాలంగా కోరిక.

ముందుగా విల్లిస్ దీవులు కనిపించాయి. 1775 జనవరిలో జేమ్స్ కుక్ ఓడ 'రిజల్యూషన్' మీది నుంచి ఈ నేలను మొదట చూసింది థామస్ విల్లిస్ అనే మిడ్‌షిప్‌మన్. ఆ పక్కనే బర్డ్ ఐలాండ్. అక్కడి పక్షుల సందడి చూసి కుక్ ఆ పేరు పెట్టాడు. మా ఓడ చుట్టూ ఆల్బట్రాస్‌లు రెక్క కదపకుండా తిరుగుతుంటే ఆ పేరులో అతిశయోక్తి లేదని తెలిసింది. పొసెషన్ బే దగ్గర మాత్రం నాకు మనసొప్పలేదు. జనవరి 17న కుక్ అక్కడ దిగి, జెండా ఎత్తి, తుపాకులు పేల్చి, దీవికి మూడో జార్జి రాజు పేరు పెట్టాడు. ఈ రాళ్లను, సీల్స్‌ను ఆ రాజు ఏనాడూ చూడలేదు.

గ్రిట్‌వికెన్‌లో దిగేముందు మా బూట్లు కడిగించి, బట్టలకు అంటుకున్న గింజలు కూడా ఏరించారు. ఆ జాగ్రత్త అవసరమే. వెనకటి ఓడలు ఇక్కడ ఎలుకలను కూడా దించి వెళ్లాయి. వాటి బెడద తీరిందని 2018లో గానీ ప్రకటించలేకపోయారు.

ఈ రేవుకు పేరు 1902లో వచ్చింది. స్వీడన్ యాత్రికుడు యోహాన్ గున్నార్ ఆండర్సన్‌కు ఇక్కడ పెద్ద పెద్ద ఇనుప కాగులు దొరికాయి. సీల్ కొవ్వును కాచి నూనె తీయడానికి వేటగాళ్లు వాడినవి. అందుకే గ్రిట్‌వికెన్, అంటే 'కాగుల రేవు' అన్నాడు. 1904లో కార్ల్ ఆంటన్ లార్సెన్ ఇక్కడే తిమింగలాల వేట కేంద్రం పెట్టాడు. 1960ల దాకా నడిచిన ఆ కేంద్రంలో ఇప్పుడు తుప్పుపట్టిన నూనె ట్యాంకులు, వెనక చిన్న శ్మశానం మిగిలాయి. 1922 జనవరి 5న ఈ రేవులోనే, ఓడ మీద కన్నుమూసిన ధ్రువ అన్వేషకుడు షాకిల్టన్ సమాధి అక్కడుంది. చాలామంది అక్కడికే నడిచారు. నేను ఒడ్డునే నిలబడిపోయాను. ఈ తీరపు పేర్లలో రాజులకు, లెఫ్టినెంట్లకు చోటు దొరికింది. చలిలో కొవ్వు కాచిన మనుషుల గుర్తుగా ఈ రేవుకు వాళ్ల కాగులు మిగిలాయి. దీవి మొత్తంలో నాకు అన్నిటికన్నా నిజాయితీగా తోచిన పేరిదే.

ఆ తర్వాత ఈశాన్య తీరం వెంట దక్షిణపు కొసకు సాగాం. చిన్నప్పుడు భూగోళంలో ఉత్తమాశా అగ్రం చదువుకున్నాం కదా, ఇక్కడున్నది నిరాశా అగ్రం. మహా దక్షిణ ఖండం కోసం వెతుకుతున్న కుక్‌కు ఈ నేల దాని అంచు కావచ్చన్న ఆశ ఉండేది. జనవరి 20న ఈ కొస తిరిగేసరికి తీరం వాయవ్యానికి మళ్లిపోయింది. అంటే ఇది ఖండం కాదు, దీవే. ఆ క్షణపు మనోభావాన్నే ఆ కొసకు పేరుగా పెట్టాడు. తన ఓటమిని పటంలో రాసి ఒప్పుకున్న నావికుడి మీద నాకు గౌరవం పెరిగింది.

నైరుతి తీరం వైపు ఒక దీవికి కుక్ తన లెఫ్టినెంట్ పికర్స్‌గిల్ పేరు పెట్టాడు. 1819లో వచ్చిన రష్యా నావికుడు బెల్లింగ్స్‌హౌజెన్ అది కొత్త దీవే అనుకుని తన లెఫ్టినెంట్ ఆనెన్‌కోవ్ పేరు పెట్టాడు. తర్వాతివాళ్లు పొరబడి పికర్స్‌గిల్ పేరును దానికి తూర్పు ఆగ్నేయాన ఉన్న మరో చోటికి తగిలించారు. ఆ సంగతి బయటపడేనాటికి రెండు పేర్లూ వాడుకలో స్థిరపడ్డాయి. మార్చలేదు. ఇప్పటి పటాల్లోనూ అవి అలాగే ఉన్నాయి.